ఒక్క గడి నింపిన దరఖాస్తు

మెడిసిన్ సీటు కోసం నేను చేసిన మొదటి సేవ సముద్రపు ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు ఏరడం. ఆ శనివారం ఉదయం అక్కడ సీసాలకంటే మేమే ఎక్కువమందిమి ఉన్నాం. దాదాపు నలభైమంది విద్యార్థులం, ఒకే రంగు టీషర్టులు, ఒకే రంగు చేతి తొడుగులు. ఒడ్డు శుభ్రం చేసే పనివాళ్ళు మాకంటే ముందే వచ్చి అంతా ఊడ్చి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. గంటసేపు తిరిగితే నాకు రెండు సీసాలు, తెగిపోయిన చెప్పు ఒకటి దొరికాయి. నా స్నేహితురాలికి ఏమీ దొరకలేదు. ఫోటోలో ఖాళీ సంచి కనిపిస్తే బాగుండదని నా సీసా ఒకటి ఆమె సంచిలో వేశాను. మధ్యాహ్నానికి ఇద్దరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. ఒక్కొక్కరికి నాలుగు గంటల సేవ.

మేం ఉండేది దోహాలో, అల్ తుమామా అనే పేటలో. నాన్న ఒక నిర్మాణ కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. ఏ పని ఏ తేదీకి పూర్తవ్వాలో ముందుగా లెక్కవేసి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయనది రాజమండ్రి దగ్గర పల్లెటూరు, అమ్మది కాకినాడ. నాకు మూడేళ్ళప్పుడు దోహా వచ్చాం. డాక్టర్నవుతానని నా అంతట నేనే చిన్నప్పటినుంచీ అంటూ వచ్చాను, ఇంట్లో ఎవరూ రుద్దలేదు. కానీ ఇక్కడే ఉండి మెడిసిన్ చదవాలంటే మార్కులొక్కటే చాలవు. దరఖాస్తులో సేవా కార్యక్రమాలకని ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీలో పది గళ్ళు. ఏం చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఏం నేర్చుకున్నారు.

నాన్న ఆ పేజీ ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అతికించారు. నేను పదకొండో తరగతి పూర్తి చేసేలోపు ఐదు గళ్ళు, పన్నెండులో మిగతా ఐదు నింపాలని ఆయన ప్లాను. సీసాలు ఏరడం మొదటి గడి. చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించడం రెండోది. అక్కడ ఆరుగురు పిల్లలకు మేం తొమ్మిదిమందిమి, కథ చెప్పే వంతు నాకు రానేలేదు. మూడోది పిల్లుల ఆశ్రమం. రెండు రోజులు తుమ్మి తుమ్మి ముక్కు వాచిపోయి మానేశాను. నాలుగోది రక్తదాన శిబిరం. రక్తం ఇచ్చి వచ్చినవాళ్ళకి జ్యూస్ డబ్బా అందివ్వడం నా పని.

ఆ శిబిరంలో ఒక మలయాళీ నర్సు ఉండేది. అమ్మ వయసుంటుంది. రోజంతా నిలబడి సూదులు గుచ్చుతూనే ఉంది. మధ్యలో ఒకసారి నా దగ్గరికొచ్చి డబ్బా తీసుకుని, నవ్వుతూ హిందీలో అడిగింది.

"వచ్చే శిబిరానికి వస్తావా?"

నేను నిజమే చెప్పాను. "తెలియదండీ. ఇది మాకు ఒక్కసారికే."

"తెలుసులే. మీరెవరూ రెండోసారి రారు. ప్రతిసారీ కొత్తవాళ్ళకి జ్యూస్ ఎక్కడ పెట్టామో చూపించడానికే నాకు అరగంట పోతుంది."

కోపంగా అనలేదు. ఉన్నమాట అంది, అంతే. ఇంటికొచ్చేదాకా ఆ అరగంటే నా బుర్రలో తిరిగింది. నేను సాయం చేశానని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆమెకి మాత్రం నావల్ల పని పెరిగింది.

ఆ రాత్రి అన్నం తింటూ నాన్నతో చెప్పాను. "ఇలా పది చోట్లకి పోను నాన్నా. ఒక్కచోటికే పోతాను. ఏడాదంతా."

"ఒక్కటే చేస్తే తొమ్మిది గళ్ళు ఖాళీగా ఉంటాయి కదమ్మా. చూసేవాళ్ళేమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీండి."

"నీకేం, అంటావు. సీటు రాకపోతే?" అని ఆయన పెరుగు కలుపుకోవడంలో పడిపోయారు. ఆ వాదన అక్కడితో ఆగలేదు. తర్వాత రెండేళ్ళపాటు మా ఇంట్లో సాగుతూనే ఉంది.

తెలుగువాళ్ళ సంఘం ఒకటి సనయ్యలో, అంటే కార్మికుల క్యాంపులుండే పారిశ్రామికవాడలో, ప్రతి శుక్రవారం పొద్దున ఉచిత వైద్యశిబిరం నడిపేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపునుంచి వచ్చినవాళ్ళు. చూసేది ఒక సూడాన్ డాక్టరమ్మ. ఆమెకి అరబ్బీ, ఇంగ్లీషు తప్ప మరోటి రాదు. పాతవాళ్ళకి హిందీ వచ్చుగానీ దాన్ని ఇంగ్లీషులోకి మార్చేవాళ్ళు లేరు. కొత్తగా వచ్చినవాళ్ళకి హిందీ కూడా రాదు. తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళు కావాలని సంఘం గ్రూపులో పెట్టారు. ఇది నాకోసమే అనుకున్నాను. సంఘంవాళ్ళు పెట్టిన తెలుగు పద్యాల పోటీలో రెండుసార్లు మొదటి బహుమతి నాదే.

మొదటి శుక్రవారమే ఆ గర్వం సగం దిగింది. ఒకాయన వచ్చి కూర్చుని "బొక్కలు నొస్తున్నయ్ మేడం" అన్నాడు. నాకు తెలిసిన బొక్క అంటే చిల్లు. ముక్కు చూశాను, చెవులు చూశాను. పక్కన నిలబడ్డ పెద్దాయన నవ్వాపుకుంటూ, "బొక్కలంటె ఎముకలు బిడ్డా" అన్నాడు.

ఆయన ఒక కంపెనీ బస్సు డ్రైవరు. జగిత్యాల దగ్గరి మనిషి. గల్ఫులో ఇరవై ఏళ్ళకు పైనే అయింది. వారంలో ఆరు రోజులు పనివాళ్ళని సైటుకి తీసుకుపోయి తెచ్చేవాడు. శుక్రవారం డ్యూటీ లేకపోయినా, మేనేజరుని ఒప్పించి అదే బస్సులో రోగులని శిబిరానికి తెచ్చేవాడు. అందరూ ఆయన్ని బస్సన్న అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను.

"నీది టీవీల వచ్చే తెలుగు బిడ్డా," అన్నాడు ఆ రోజు. "మంచిగనే ఉంటది. కని మావోళ్ళకు రోగమొస్తె ఆ తెలుగుల రాదు."

నవ్వి ఊరుకున్నాను. నెమ్మదిగా అలవాటవుతుందిలే అనుకున్నాను. నెత్తి అంటే తల, రెక్కలంటే చేతులు, దమ్మొస్తోందంటే ఆయాసం. నాలుగైదు వారాల్లో ఇవన్నీ వచ్చేశాయి. అర్థంకాని మాట వచ్చినప్పుడు ముందూ వెనకా చూసి ఊహించేదాన్ని. చాలాసార్లు ఊహ సరిపోయేది కూడా. వాళ్ళు నన్ను మేడం అంటుంటే, డాక్టరమ్మ నావైపు తిరిగి "ఏమంటున్నాడు?" అని అడుగుతుంటే, నాకప్పుడే తెల్లకోటు వచ్చేసినట్టుండేది. తెలియలేదని చెప్పడానికి నామోషీ. నిజం చెప్పాలంటే అదే.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం నలభై దాటిన మనిషి ఒకాయన వచ్చాడు. కట్టే భవనాల చుట్టూ ఇనుప పరంజాలు బిగించే పని. నిజామాబాద్ వైపు పల్లె. టోపీ చేతిలో నలుపుతూ నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

ఆయన డాక్టరమ్మని చూశాడు, నన్ను చూశాడు, నేలని చూశాడు. "ఒంటికి పోతె మంటగుంటున్నది మేడం. పది రోజులాయె."

"ఒళ్ళంతా మంటగా ఉంటోందా?"

ఆయన ఇంకా ముడుచుకుపోయాడు. "ఆఁ... పోయినప్పుడల్ల."

బయటికి పోయినప్పుడల్లా, ఎండలో ఒళ్ళు మండుతోంది. అలా అర్థమైంది నాకు. డాక్టరమ్మకి అదే చెప్పాను. ఆమె ఆయన చేతులు, మెడ చూసింది. ఆ కాలంలో ఎవరి మెడ చూసినా చెమటకాయలే. ఈయనకీ ఉన్నాయి. గులాబీ రంగు లోషన్ సీసా ఒకటి ఇచ్చింది.

సీసా అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన చాలా మెల్లగా అడిగాడు. "ఇది... ఏడ రాయాలె మేడం?"

"మంట ఎక్కడుంటే అక్కడ రాసుకోండి. రోజుకి రెండుసార్లు."

ఆయన ముఖంలో కనిపించింది ఆశ్చర్యమో, భయమో, సిగ్గో. నేను పట్టించుకోలేదు. వెనక ఇంకా పదిహేనుమంది ఉన్నారు. "నెక్స్ట్" అన్నాను.

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. ఆపై శుక్రవారం బస్సన్న వచ్చాడుగానీ రోగులని దించి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి నన్ను బయటికి పిలిచాడు.

"రెండు వారాల కింద పరంజ మేస్త్రి ఒకడు నీ దగ్గరికొచ్చిండు, యాదికున్నదా? గులాబి మందు ఇచ్చిండ్రట."

"గుర్తుంది అన్నా. తగ్గిందా?"

"దవఖానల ఉన్నడు. సలిజ్వరమొచ్చి సైటుల సోయి లేకుంట పడిపోయిండు. ఒంటేలు గొట్టంల రాయి అడ్డం పడి చీము పట్టిందట. ఇంకొక రోజైతె మనిషి దక్కకపోవు అన్నరట." ఆగి, నా ముఖంలోకి చూశాడు. "ఆనాడు ఏం జెప్పిండు నీకు?"

ఆయనన్న మాట పొల్లుపోకుండా చెప్పాను.

"ఒంటికి పోవుడంటె ఒంటేలు పోసుడు, మూత్రానికి పోవుడు బిడ్డా," అన్నాడు బస్సన్న.

ఆ మనిషి సీసా పట్టుకుని అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు ఒక్కసారిగా అర్థమయ్యాయి. అడగకూడదనుకుంటూనే అడిగేశాను. "ఆయన... ఆ మందు రాసుకున్నాడా?"

"రాసుకున్నడట. మేడం చెప్పింది గద అని రెండు దినాలు రాసుకున్నడట."

లోపలికెళ్ళి డాక్టరమ్మకి చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎప్పుడెప్పుడు మంట అని నేను కూడా రెండో ప్రశ్న వెయ్యలేదు. చెమటకాయలు కనిపించాయి, సరిపోయిందనుకున్నాను. అది నా తప్పు," అంది. "నీ తప్పు వేరే. అర్థంకాలేదని నువ్వు నాకు చెప్పలేదు. ఇంతవరకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అన్నీ అర్థమయ్యే మనిషిని నేను నమ్మి ఉండకూడదు." తర్వాత గది బయటి వరసవైపు చూసి, "ఇప్పుడు ఏడవాలంటే ఏడువు, ఐదు నిమిషాలు. తర్వాత వచ్చి కూర్చో," అంది.

వెళ్ళి కూర్చున్నాను. ఆ పూట వచ్చిన ప్రతి మనిషినీ ప్రతి మాటకీ రెండుసార్లు అర్థం అడిగాను. విసుక్కున్నవాళ్ళున్నారు. "గింత సిన్న మాట తెల్వదా?" అన్నాడొకాయన. నిజమే, తెలియదు.

ఇంట్లో చెబితే ఇద్దరూ రెండు రకాలుగా మాట్లాడారు. నాన్న ముందుగా అన్నది, "ఈ సంగతి ఎక్కడా రాయకు. ఎవరితోనూ అనకు." అమ్మ అడిగింది, "ఆయనకి ఇప్పుడెలా ఉంది?"

అమ్మే మళ్ళీ అంది. "ఒంటికి వెళ్ళడమంటే మా వైపు కూడా తెలుసే. మా అమ్మ అలాగే అనేది. ఇంట్లో మనం వాష్‌రూమ్ అంటాం కదా, నీకెలా తెలుస్తుంది?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసిన మాట మా ఇంట్లోనే ఉంది. ఎవరూ వాడలేదు, నేను అడగలేదు. అమ్మమీద అరిచాను. అరవాల్సింది ఆమె మీద కాదని అరుస్తున్నప్పుడే తెలుసు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం అమ్మా నేనూ ఆసుపత్రికి వెళ్ళాం. బస్సన్న గుమ్మం దగ్గర కలిసి వార్డుకి తీసుకెళ్ళాడు. అమ్మ పెరుగన్నం, అరటిపళ్ళు తెచ్చింది. నన్ను చూడగానే ఆయన లేచి కూర్చోబోయాడు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. నాకంటే ఆయనే ఎక్కువ సిగ్గుపడుతున్నాడు.

"నన్ను క్షమించండి బాబాయ్. మీరు చెప్పింది నాకు అర్థంకాలేదు. అర్థమైనట్టు చెప్పేశాను."

"నీదేం తప్పు లేదు బిడ్డా. నేనే సక్కగ చెప్పకపోతి. ఆడపిల్లకు ఎట్ల జెప్పాలె అని గుంజాయించిన," అన్నాడు. వెంటనే అమ్మవైపు తిరిగి, "పెరుగన్నం ఎందుకు తెచ్చిండ్రమ్మా, ఈడ మంచిగనే పెడ్తున్నరు," అన్నాడు.

అంత తేలిగ్గా క్షమిస్తే నాకు ఊరట కలగాలి. కలగలేదు. కోప్పడి ఉంటే బాగుండునని ఇంటికొచ్చాక కూడా అనిపించింది. ఒక మనిషికి ఇంత జరిగితే తప్పంతా తనమీద వేసుకుని, ఎదుటివాళ్ళకి మర్యాద చేస్తూ పడుకోవడం ఏమిటి? అలా ఎవరు నేర్పారు ఆయనకి?

అమ్మ మాటల్లో పెట్టి ఇంకో విషయం రాబట్టింది. నీళ్ళు సరిగా తాగరా అని అడిగింది. ఆయన నవ్వాడు. "తాగితె ఒంటికొస్తది గదమ్మా. మేం పదిహేనో అంతస్తుల ఉంటం. బాత్రూంలు కింద. దిగి ఎక్కేటాలకు ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది జల్ది అని మొత్తుకుంటడు. అందుకే తాగం. అందరం గంతే."

ఆయన జబ్బు మొత్తం ఆ నాలుగు ముక్కల్లో ఉంది. అది అడగడానికి డాక్టరు కానక్కర్లేదు, గొప్ప తెలుగు రానక్కర్లేదు. పక్కన కూర్చుని తీరిగ్గా అడగాలి. నేను "నెక్స్ట్" అన్నాను.

శిబిరం మానేద్దామనుకున్నాను. ఆ వారమంతా అదే ఆలోచన. నేను వెళ్ళకపోతే వాళ్ళకే మంచిదనిపించింది. శుక్రవారం పొద్దున బస్సన్న ఫోను చేశాడు. "వస్తున్నవా, లేదా? రాకుంటె జెప్పు, డాక్టరమ్మకు మూగభాషనే." వెళ్ళాను. శిబిరం అయ్యాక ఆయన నన్ను, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళని బస్సులో కూర్చోబెట్టి ఏసీ వేశాడు.

"రాసుకో," అన్నాడు.

ఆ వేసవంతా అదే బడి. నోటుపుస్తకం తొడమీద పెట్టుకుని రాసుకునేదాన్ని. ఒంట్లో బాగాలేకపోతే పానం మంచిగ లేదంటారు. కళ్ళు తిరిగితే ఏమంటారు, నీరసమైతే ఏమంటారు, మగవాళ్ళు ఆడవాళ్ళముందు అనలేనివి ఏ మాట చాటున దాస్తారు. ఈ చివరిదానికి ఆయన చాలా ఇబ్బందిపడి, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పేవాడు. ఆయనే ఇంకో ఏర్పాటు కూడా చేశాడు. గదిలో ఒక తెర కట్టించాడు. సిగ్గుపడే రోగి ఎవరైనా వస్తే తెర వెనక ఆయన కూర్చుని అడిగేవాడు, ఇవతలనుంచి నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. దానితో రోగికి పట్టే సమయం రెండింతలైంది. సంఘంవాళ్ళు గొణిగారు. డాక్టరమ్మ వినిపించుకోలేదు.

దరఖాస్తు రాసే కాలం వచ్చింది. నాన్న ఒక సలహాదారుని కుదిర్చారు. ఆవిడ ఫోనులోనే వ్యాసాలు దిద్దుతుంది. నేను రాసింది చదివి చాలా ఉత్సాహపడింది.

"సంఘటన చాలా బలంగా ఉంది. చివర్లో కొంచెం మార్చుదాం. వారం తర్వాత నీకే అనుమానం వచ్చి, అతన్ని వెతికి, సమయానికి ఆసుపత్రికి పంపించావని రాయి."

"అలా జరగలేదండీ."

"ఎవరు చూడొచ్చారమ్మా? నువ్వు నేర్చుకున్నది చూపించాలి కదా. ఓడిపోయినట్టు రాస్తే ఎలా?"

ఫోను పెట్టేశాక గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆ మనిషి పడ్డ బాధ నాకు సీటు తెచ్చిపెట్టే సరుకవుతోంది. ఉన్నదున్నట్టు రాసినా అంతే కదా అని కూడా అనిపించింది. రాయకపోతే మాత్రం ఏడాదిపాటు నేనేం చేశానని చెప్పాలి? మూడు రోజులు పెనుగులాడి, జరిగింది జరిగినట్టే రాశాను. సేవల పేజీలో ఒకే గడి నింపాను. సీసాలు, కథలు, పిల్లులు, జ్యూసు రాయలేదు. నాన్న తొమ్మిది ఖాళీ గళ్ళనీ వేలితో ఒక్కొక్కటే చూపించి, "ఇది పొగరు," అన్నారు. అందులో నిజం లేకపోలేదు.

ఇంటర్వ్యూకి పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. మర్యాదగానే అడిగారు. దీనివల్ల మీరేం నేర్చుకున్నారు అన్న ప్రశ్నకి, అర్థంకాలేదని చెప్పడం నేర్చుకున్నానన్నాను. ఇంకా అని అడిగారు. ఇంకా నేర్చుకుంటున్నానన్నాను. వాళ్ళు ఇంకేదో ఆశించి ఎదురుచూశారు. నా దగ్గర అంతే ఉంది. మొదట వెయిటింగ్ లిస్టు అన్నారు, తర్వాత లేదన్నారు. సముద్రం ఒడ్డున నా సీసా పుచ్చుకున్న స్నేహితురాలికి సీటొచ్చింది. చురుకైన పిల్ల, మార్కులూ నాకంటే ఎక్కువే. ఆమెకి రావడం అన్యాయమేమీ కాదు. అయినా ఫోనులో అభినందనలు చెప్పి బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ ఏడాది ఖాళీ. ఇండియాకి పంపేయమని బంధువులు. నాన్న నాతో అవసరమైనంతవరకే మాట్లాడేవారు. నేను పొద్దున్న పుస్తకాలు, శుక్రవారం శిబిరం.

ఒక శుక్రవారం బస్సు చెడిపోయి బస్సన్న రాలేకపోయాడు. రోగులు కొందరు టాక్సీల్లో, కొందరు నడిచి వస్తున్నారు. నన్ను దింపడానికి నాన్నే వచ్చారు. తెర వెనక కూర్చోవడానికి మగమనిషి లేడు.

"నాన్నా, కాసేపు మీరు కూర్చోగలరా?"

"నాకేం తెలుసమ్మా ఇదంతా?"

"ఏమీ తెలియక్కర్లేదు. వాళ్ళు చెప్పింది నాకు చెప్పండి. అర్థంకాకపోతే మళ్ళీ అడగండి."

రెండు గంటలు కూర్చున్నారు. నాలుగో మనిషో ఐదో మనిషో మళ్ళీ అదే చెప్పాడు. నీళ్ళు తాగితే దిగాల్సొస్తుందని తాగడంలేదు. ఏ సైటు అని నాన్న అడగడం తెర ఇవతలికి వినిపించింది. అతను చెప్పింది నాన్న ప్లాను వేస్తున్న సైటు. నేనే "నాన్నా, తర్వాత?" అనాల్సొచ్చింది.

కారులో తిరిగొస్తూ, "ఎక్కి దిగే టైము నేను షెడ్యూల్లో వేయలేదు," అన్నారు. అంతే. నాతోనో, స్టీరింగుతోనో. మర్నాటినుంచి పై అంతస్తుల్లో తాత్కాలిక బాత్రూంలు పెట్టమని ఆఫీసులో మెయిళ్ళు రాయడం మొదలుపెట్టారు. రెండు నెలలు రాశారు. ఒకరు ఇంకొకరికి పంపారు, ఆ ఇంకొకరు మళ్ళీ నాన్నకే పంపారు. ఇంట్లో ఆ విసుగంతా బయటపడేది, టీ చల్లారిందని కూడా అరిచేవారు. చివరికి ఒక్కటి పెట్టారు, ఎనిమిదో అంతస్తులో.

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టాను. సేవల పేజీలో మళ్ళీ ఒకే గడి. ఈసారి నాన్న ఏమీ అనలేదు. సీటొచ్చింది. పోయినేడు కాదన్నవాళ్ళు ఈ ఏడు ఎందుకు అవునన్నారో నాకు తెలియదు. కారణం తెలిస్తే ఎవరికైనా చెప్పేదాన్ని.

ఇప్పుడు రెండో సంవత్సరం. పరీక్షలు, లాబులు. శుక్రవారాలు చేజారిపోతున్నాయి. బస్సన్న వీసా ముగిసి జగిత్యాల వెళ్ళిపోయాడు. పరంజ మేస్త్రి కోలుకున్నాక కంపెనీ అతన్ని ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ పనికి మార్చింది. అక్కడ తెలుగు మాట వినేవాళ్ళు లేరని అప్పుడప్పుడు వాయిస్ మెసేజీ పెడతాడు. నీళ్ళు తాగుతున్నారా అంటే, తాగుతున్న బిడ్డా అంటాడు. నమ్మొచ్చో లేదో తెలియదు.

నా కుర్చీలో కూర్చోవడానికి ఇంకొకరికోసం ఆర్నెల్లు వెతికాను. ఫోను చేసిన ప్రతి అమ్మాయీ, ప్రతి అమ్మాయి వాళ్ళమ్మా ఒకటే అడిగారు. ఎన్ని గంటలకి సర్టిఫికెట్ ఇస్తారు? కోప్పడే హక్కు నాకు లేదు, నేను మొదలుపెట్టింది అక్కడే. అయినా కోపం వచ్చేది. సర్టిఫికెట్ ఇవ్వబడదని గ్రూపులో పెట్టాను. ఇద్దరు వచ్చారు. ఒకరు ఒక్క శుక్రవారం, ఇంకొకరు రెండు.

చివరికి నిలిచిన మనిషి నా ప్రకటన చూసి రాలేదు. ఉమ్ ఘువైలినాలో ఒక ఇంట్లో వంటచేసే ఆమె, ఆర్మూరు దగ్గరి ఊరు. మోకాళ్ళ నొప్పికి చూపించుకోవడానికి శిబిరానికొచ్చింది. వరసలో కూర్చుని పక్కవాళ్ళ రోగాలన్నీ అడిగి తెలుసుకుని, తన వంతు వచ్చేసరికి నాకు ఇద్దరి సంగతి చెప్పింది. ఒకడు నెలనుంచి బీపీ గోలీలు బంద్ చేశాడు, ఒకడు ఇంటికి ఫోను చేసినప్పటినుంచి తిండి తినడంలేదు. నేనడిగితే అవేవీ నాకు దొరికేవి కావు. ఆమెకి ఇంగ్లీషు రాదు, హిందీ బాగా వచ్చు. ఇప్పుడు నెలలో రెండు శుక్రవారాలు హిందీ వచ్చిన కేరళ డాక్టరు వస్తున్నాడు. ఆ రోజుల్లో ఆమె కూర్చుంటుంది.

పోయిన శుక్రవారం పరీక్షలయ్యాయని వెళ్ళాను. నా కుర్చీలో ఆమె ఉంది. లేవబోతే వద్దన్నాను. ఒక కుర్రాడు లోపలికొచ్చాడు, కొత్తగా దిగినట్టున్నాడు. నా మెళ్ళో స్టెతస్కోపు చూశాడు, ఆమెని చూశాడు, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ ఊరు బిడ్డా?" అని అడిగింది ఆమె.

ఒక్క నిమిషం నాకు ఈర్ష్య కలిగింది, దాచను. నా రెండేళ్ళ నోటుపుస్తకం ఆమెకి పుట్టుకతోనే వచ్చింది. ఆ కుర్రాడు అప్పటికే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి చాపి, నావైపు తిరగకుండానే, "ఆ బీపీ పట్టీ ఇటియ్యి మేడం," అంది. తీసి ఇచ్చాను.